తమ్ముడు థామేలో ఎదురొచ్చాడు

తిరుపతిలో ఉండేవాళ్లకి కొండ ఎక్కడం కొత్త కాదు. అలిపిరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. 2023 జనవరి నుంచి మాత్రం ప్రతి ఆదివారం తెల్లవారుజామునే వీపున పది కిలోల సంచి తగిలించుకుని ఎక్కేదాన్ని. ఒక రోజు మెట్లకి పసుపు కుంకుమ పెడుతున్న ఒకావిడ ఆగి, "సంచిలో ఏముందమ్మా?" అని అడిగింది. "బియ్యం" అన్నాను. "స్వామికి మొక్కా?" అంది. అవునన్నాను. నేపాల్ వెళ్లడానికి ప్రాక్టీసని ఆ చీకట్లో ఎలా చెప్పేది? ఆవిడ నా నుదుట కూడా కాస్త కుంకుమ పెట్టి పంపింది.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. అప్పటికి నాకు 47 ఏళ్లు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులంలో చదువుకునే పిల్ల, పద్నాలుగేళ్లు ఇంకా నిండలేదు. సెలవుల తర్వాత కాలేజీ తెరిచినప్పుడు నా క్లాసులో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, అక్కడ చెట్లు ఉంటాయా?" అని అడిగింది. పుస్తకంలో ఉన్నది చెప్పాను. చూసి చెప్పింది కాదు కదా అన్న లోటు మాత్రం తొమ్మిదేళ్లు అలాగే ఉండిపోయింది.

ఎవరెస్ట్ ఉన్న ప్రాంతాన్ని ఖుంబు అంటారు. చాలామంది బేస్ క్యాంప్ దాకా వెళ్లి వచ్చిన దారినే తిరిగొస్తారు. పన్నెండు, పద్నాలుగు రోజుల్లో అయిపోతుంది. మేం ఎంచుకున్నది మూడు కనుమల దారి: కొంగ్మా లా 5,535 మీటర్లు, చో లా 5,420, రెంజో లా 5,360. టిబెటన్ భాషలో 'లా' అంటే కనుమ. ఒక లోయలోంచి ఎక్కి, కనుమ దాటి పక్క లోయలోకి దిగుతూ నామ్చే ఊరి నుంచి పెద్ద చుట్టు చుట్టి మళ్లీ నామ్చేకే రావాలి. మూడు వారాల పని. నాతో వచ్చింది మా తమ్ముడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 39 ఏళ్లు, మూడు ఫుల్ మారథాన్లు పరిగెత్తినవాడు. ఇంట్లో అందరి టెన్షన్ నా గురించే. "అక్కని జాగ్రత్తగా చూసుకో" అని అమ్మ వాడికి పదిసార్లు చెప్పింది.

మనకి నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టుగానీ ఓటరు కార్డుగానీ ఉండాలి. మన వంద రూపాయలకి వాళ్లవి నూట అరవై. ఖుంబులోని సాగరమాథా జాతీయ పార్కు ప్రవేశ రుసుములో కూడా సార్క్ దేశాల వాళ్లకి తగ్గింపు ఉంది. గైడ్, ఒక పోర్టర్, లాడ్జీలు, విమానాలు అన్నీ కలిపి మనిషికి లక్షా నలభై వేలు దాకా అయింది. అందులో ఇన్సూరెన్స్ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. 6,000 మీటర్ల వరకు హెలికాప్టర్ రెస్క్యూ వర్తిస్తుందని పాలసీలో రాసి ఉందో లేదో చూసుకుని తీసుకోండి. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు అంత ఎత్తుకి వర్తించవు.

నడక లుక్లా అనే ఊరి నుంచి మొదలవుతుంది. సీజన్ రద్దీలో అక్కడికి విమానాలు కాఠ్మాండూ నుంచి కాకుండా రామేఛాప్ జిల్లా మంథలి నుంచి నడుపుతారు. అర్ధరాత్రి దాటాక వ్యాన్ ఎక్కి, మలుపుల దారిలో అయిదు గంటలు వెళ్లాం. మొదటి రోజు లుక్లాలో మబ్బు. సాయంత్రం దాకా ఎయిర్‌పోర్టు బయట కూర్చుని, అక్కడే ఒక గది తీసుకుని పడుకున్నాం. రెండో రోజు, అక్టోబర్ 10న, పావుగంటలో లుక్లాలో దిగాం. ఆ రన్‌వే పొడవు 527 మీటర్లే. ఒక చివర లోయ, రెండో చివర కొండ గోడ. విమానం ఎత్తుకి ఎదురుగా దిగి, ఆ వాలు మీదే వేగం తగ్గించుకుంటుంది.

గైడ్ భోజ్‌పూర్ జిల్లా అబ్బాయి. మేం అతన్ని "భాయ్" అనేవాళ్లం, అతను నన్ను "దీదీ" అనేవాడు. పోర్టర్ ఇంకా చిన్నవాడు, అందరూ "కాన్ఛా" అని పిలిచేవారు. ఇంట్లో కడగొట్టు మగపిల్లవాణ్ని అలా పిలుస్తారట. మా ఇద్దరి సామాన్లు కలిపి ఇరవై కిలోలు కాన్ఛా మోశాడు. దారిలో కనిపించిన మిగతా పోర్టర్ల బరువులు చూస్తే నోట మాట రాదు. ప్లైవుడ్ షీట్లు, గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలు. అంత బరువూ నుదుటి మీది పట్టీకి వేలాడుతుంది. దాన్ని నామ్లో అంటారు. చేతిలో టీ ఆకారంలో ఒక పొట్టి కర్ర ఉంటుంది, దాని పేరు తోక్మా. అలసిపోయినప్పుడు బరువు దింపరు, కర్రని వెనక బుట్ట కింద ఆనించి నిలబడే ఊపిరి తీసుకుంటారు.

మొదటి రోజే భాయ్ మూడు మాటలు చెప్పాడు. జడల బర్రెలు ఎదురొస్తే కొండ వైపే నిలబడాలి, లోయ వైపు నిలబడితే తోసేస్తాయి. మంత్రాలు చెక్కిన మణి రాళ్లు కనిపిస్తే వాటిని కుడి చేతి వైపు ఉంచుకుని వెళ్లాలి, మనం గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టే. మూడోది "బిస్తారై, బిస్తారై". అంటే మెల్లగా. ఈ మాట ఆ ఇరవై రోజుల్లో ఎన్ని వందలసార్లు విన్నానో.

నామ్చే 3,440 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు ఉన్నాం. ఎత్తు ప్రదేశాల్లో గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, అక్కడా ఇరవై ఒక్క శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానికి ఇంచుమించు సగం. అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా సగమే. శరీరానికి ఇది అలవాటు కావడానికి రోజులు పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకి మించి పైన ఉండకూడదంటారు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఊళ్లో ఇంకో రాత్రి ఉండాలి. ఆ రోజు పగలు పైకి ఎక్కి, రాత్రికి కిందికొచ్చి పడుకోవాలి. కండబలానికీ దీనికీ సంబంధం లేదు. మారథాన్ పరిగెత్తే గుండెకైనా ఇదే నియమం.

డాక్టర్‌ని అడిగి ఇద్దరం, ఎత్తుకి శరీరం అలవాటు పడేందుకు వాడే డయామాక్స్ సగం మాత్ర పొద్దున, సగం సాయంత్రం వేసుకున్నాం. సల్ఫా మందులు పడనివాళ్లు దీని గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. ఇది మూత్రంలో బైకార్బొనేట్‌ని బయటికి పంపి రక్తాన్ని కొద్దిగా ఆమ్లం వైపు తిప్పుతుంది. దాంతో ఊపిరి వేగం దానంతట అదే పెరుగుతుంది. వేళ్ల చివర్లలో చీమలు పాకినట్టు ఉంటుంది. రాత్రి మూడుసార్లు లేవాల్సిందే. మైనస్ పది చలిలో, నడవా చివర ఉన్న టాయిలెట్‌కి, నేల మీద గడ్డకట్టిన నీళ్ల మీద జాగ్రత్తగా అడుగేస్తూ. ఆడవాళ్లు ఈ భయంతో సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తారు. అది మాత్రం చేయకండి.

నామ్చే నుంచి తెంగ్‌బోచే, దెబోచే మీదుగా వెళ్లే దారి నాకు పండగే. దెబోచే అడవిలో భూర్జ చెట్లు, రోడోడెండ్రాన్లు, వాటి కొమ్మలకి లేత ఆకుపచ్చ గడ్డాల్లా వేలాడే ఉస్నియా. ఉస్నియా కూడా మనం బిర్యానీలో వేసే రాతిపువ్వులాగే లైకెనే, గాలి శుభ్రంగా ఉన్నచోటే బాగా పెరుగుతుంది. ఆ అడవి దాటి పైకి పోయేకొద్దీ చెట్టు పొదవుతుంది, పొద నేలకి అంటుకుంటుంది. దింగ్‌బోచే చేరేసరికి చెట్టన్నదే లేదు. రాళ్ల సందుల్లో వేలిగోరంత నీలి జెంషియన్ పూలు, మధ్యాహ్నం ఎండ ఉన్నంతసేపు విచ్చుకుని, మబ్బు పడితే ముడుచుకునేవి. ఒక్కోదాని ముందు కూర్చుని ఫోటో తీస్తుంటే భాయ్ ఏమీ అనకుండా ఆగేవాడు. ఆ ఆలస్యం నాకు మేలే చేసిందని తర్వాత అర్థమైంది.

దింగ్‌బోచే 4,410 మీటర్లు. అక్కడా రెండు రాత్రులు. ఖాళీ రోజు మధ్యాహ్నం గట్టు దాటి ఫెరిచేకి నడిచాం. 1973లో మొదలైన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్లు సీజన్‌లో అక్కడ చిన్న ఆసుపత్రి నడుపుతారు. ట్రెక్కర్లకి ఎత్తు జబ్బుల గురించి ఉచితంగా క్లాసు చెబుతారు. ఆ రోజు చెప్పిన డాక్టరమ్మ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "ఈ ఎత్తులో తలనొప్పి వస్తే, ఇంకో కారణం రుజువయ్యే దాకా అది ఎత్తు జబ్బే అనుకోండి. తగ్గే దాకా ఒక్క మీటరు కూడా పైకి వెళ్లకండి." తమ్ముడు నా పక్కనే కూర్చుని విన్నాడు.

తిండి గురించి కొంచెం చెప్పాలి. లాడ్జీ అంటే చెక్క గోడల గదులు, ఒక భోజనాల హాలు. ఆ హాలు మధ్యలో ఇనుప పొయ్యి. సాయంత్రం అయిదింటికి దాంట్లో ఎండిన జడలబర్రె పిడకలు వేసి వెలిగిస్తారు. ప్రపంచంలోని దేశాలన్నీ ఆ పొయ్యి చుట్టూ కూర్చుంటాయి. రెండు పూటలా దాల్ భాత్ తిన్నాం. అన్నం, పప్పు, కూర, అడిగినంత మళ్లీ వడ్డిస్తారు. నామ్చే పైన మాంసం తినొద్దని భాయ్ ముందే చెప్పాడు. ఆ ప్రాంతంలో పశువుల్ని కోయరు, మాంసమంతా కింది నుంచి రోజుల తరబడి వీపుల మీద వస్తుంది. నేను కందిపొడి, చిన్న సీసాలో ఆవకాయ తీసుకెళ్లాను. దింగ్‌బోచే పైన ఉన్న చుకుంగ్ ఊరు చేరేసరికి ఆవకాయలోని వేరుశనగ నూనె నెయ్యిలా పేరుకుపోయింది. సీసాని పొయ్యి పక్కన పది నిమిషాలు పెడితే కరిగి వాసన హాలంతా తిరిగేది. ఎత్తు పెరిగాక ఆకలి చచ్చిపోతుంది. రెండు ముద్దలైనా దిగాయంటే ఆ సీసా పుణ్యమే.

అక్టోబర్ 18న కొంగ్మా లా. మూడింటిలో ఎత్తైనది, నా మటుకు అన్నిటికన్నా కష్టమైనది. చుకుంగ్ వదిలాక లోబుచే దాకా మధ్యలో ఒక్క లాడ్జీ లేదు, టీ కొట్టు లేదు. తెల్లవారి అయిదింటికి హెడ్‌ల్యాంపులు పెట్టుకుని బయల్దేరాం. పదిన్నరకల్లా దారి పోయి బండలు మొదలయ్యాయి. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర కూడా ఇరవై మెట్లకి ఒకసారి ఆగితే సరిపోయేది. ఇక్కడ పదిహేను అడుగులు, ఆగడం. పన్నెండు అడుగులు, ఆగడం. ఊపిరి అందకపోవడమంటే ఆయాసం కాదు. పీలుస్తాం, ఛాతీ నిండుతుంది, కానీ ఏమీ లోపలికి వచ్చినట్టుండదు. పైన మంత్రాల జెండాల తాళ్లు కనిపించినప్పుడు వాటిని చూడటం మానేసి, భాయ్ బూటు మడమనే చూస్తూ నడిచాను. 11.40కి పైకి చేరాం. వెనక్కి తిరిగితే కింద పచ్చటి సరస్సులు, అవతల మకాలూ. ముందు వైపు ఖుంబు హిమానీనదం, దాని ఒడ్డున చుక్కల్లా లోబుచే కప్పులు.

కనుమ దాటడంతో అయిపోయిందనుకున్నాం. నిట్టనిలువుగా దిగి, మళ్లీ ఆ హిమానీనదాన్ని అడ్డంగా దాటాలి. మంచంటే తెల్లగా ఉంటుందనుకుంటాం. అక్కడంతా రాళ్లు, మట్టి దిబ్బలే. కింద మంచు ఎక్కడో కరుగుతూ ఉంటుంది. రాళ్లు జారి నీటి మడుగుల్లో పడుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది. లోబుచే చేరేసరికి సాయంత్రం నాలుగున్నర దాటింది. తమ్ముడు రాత్రి సగం ప్లేటు వదిలేశాడు. "అలసిపోయానక్కా, అంతే" అన్నాడు. నేను నమ్మాను.

మర్నాడు గోరక్‌షేప్ 5,164 మీటర్లు. లాడ్జీలో సంచులు పడేసి బేస్ క్యాంప్‌కి వెళ్లొచ్చాం. అక్టోబర్‌లో అక్కడ గుడారాల ఊరు ఉండదు, గాలి, రాళ్లు, నీలి మంచు గోడలు. అక్కడి నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు కూడా. పూర్ణ ఈ వైపు నుంచి కాదు, అవతల టిబెట్ వైపు నుంచి ఎక్కింది. అయినా ఆ పిల్ల ఎక్కిన కొండ పాదం ఇదే కదా అని చేత్తో ఒక రాయిని తాకి కళ్లకద్దుకున్నాను. తమ్ముడు ఫోటో తీశాడు. ఆ ఫోటో తర్వాత పెద్దగా చేసి చూస్తే పక్కకి వంగి ఉంది. వాడెప్పుడూ ఫోటో వంకరగా తీయడు.

ఆ రాత్రి పదకొండింటికి వాంతి శబ్దానికి లేచాను. అప్పటికి రెండోసారట. తలనొప్పి ఎప్పటి నుంచని అడిగితే చుకుంగ్ నుంచి అన్నాడు. మూడు రోజులు. పారాసెటమాల్ వేసుకుంటూ దాచాడు. "చెప్తే నువ్వు వెనక్కి తిరుగుతావు. నీ తొమ్మిదేళ్ల కోరిక" అన్నాడు. కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. పల్స్ ఆక్సీమీటర్ ఆక్సిజన్ 66 శాతం చూపించింది.

భాయ్‌ని లేపాను. అతను ఏమీ మాట్లాడకుండా తమ్ముణ్ని భోజనాల హాల్లోకి తీసుకొచ్చాడు. నేల మీద చెక్క పలకలు పొడుగ్గా పరిచి ఉన్నాయి. ఒక పలక అంచు మీద టార్చి వేసి, "ఈ గీత మీద నడు. ముందు కాలి మడమ వెనక కాలి వేళ్లకి తగలాలి" అన్నాడు. అది మేం క్లాసులో చూసిన పరీక్షే. మెదడులో నీరు చేరుతుంటే ముందు పోయేది ఈ నడకే. మొదటి నాలుగు అడుగులు బాగానే పడ్డాయి. అయిదో అడుగులో వాడి కాలు గీతకి జానెడు దూరంలో పడింది. బల్ల పట్టుకుని నవ్వబోయాడు. మళ్లీ నడవమన్నాడు భాయ్. ఈసారి మూడో అడుగులోనే. నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తే కాళ్లు అవి. టార్చి వెలుగులో ఆ బూటు గాల్లో చోటు వెతుక్కోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"పొద్దున దాకా ఆగుదామా?" అన్నాను. అంత చీకట్లో, మైనస్ పదిహేనులో ఎలా అని. భాయ్ అప్పటికే కాన్ఛాని లేపుతున్నాడు. "దీదీ, పొద్దునకి నడవలేకపోతే మనం ముగ్గురం మోయాలి. ఇప్పుడు నడుస్తున్నాడు, ఇప్పుడే దిగుదాం." తన మందుల సంచిలోంచి మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ ఇచ్చాడు. పన్నెండున్నరకి బయల్దేరాం. భాయ్ ఒక వైపు, కాన్ఛా ఒక వైపు తమ్ముడి జబ్బ పట్టుకున్నారు. నేను వెనక నుంచి వాడి అడుగుల మీద వెలుతురు వేస్తూ నడిచాను. ఆకాశం నిండా నక్షత్రాలు. అంత అందమైన రాత్రి నా జన్మలో చూడలేదు, అంత భయపడిన రాత్రీ లేదు. తుక్లా దగ్గర, కొండల్లో పోయినవాళ్ల గుర్తుగా కట్టిన రాతి స్తూపాల మధ్య తెల్లవారింది. అక్కడ కూర్చుని వాడు మొదటిసారి "ఆకలేస్తోందక్కా" అన్నాడు. స్తూపాల వైపు తిరిగి దండం పెట్టాను.

ఫెరిచేలో మాకు క్లాసు చెప్పిన డాక్టరమ్మే చూసింది. రెండు రోజులు అక్కడే ఉంచింది. 800 మీటర్లకి పైగా దిగేసరికే మనిషిలో మార్పు వచ్చింది. రెండో రోజు సాయంత్రం పలక గీత మీద పది అడుగులు తప్పకుండా నడిచాడు. ఈ ప్రయాణంలో ఇక 4,000 దాటొద్దని ఆమె గట్టిగా చెప్పింది. నేను సామాను సర్దడం మొదలుపెట్టాను. వాడితో పాటు దిగుతానంటే ఒప్పుకోలేదు. "నేను కాన్ఛాతో నామ్చేకి దిగి కూర్చుంటా. నువ్వు భాయ్‌తో వెళ్లు. నువ్వు దిగితే నేను దాచిన మూడు రోజులకి అర్థం లేదు" అన్నాడు. ఆ మాట సరైనది కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. రాత్రంతా ఆలోచించాను. డాక్టరమ్మని అడిగితే, "అతనికి ప్రమాదం దాటింది, దిగేకొద్దీ ఇంకా బాగుంటాడు. మీ సంగతి మీరు తేల్చుకోవాలి. తలనొప్పి వస్తే మాత్రం దాచకండి" అంది. దాచనని తమ్ముడి చేతిలో చెయ్యేసి చెప్పాను. ఆవకాయ సీసా, అందులో మిగిలిన సగం, వాడి సంచిలో పెట్టాను. తొమ్మిది కిలోల నా సంచి నేనే వీపున వేసుకున్నాను.

అక్టోబర్ 23న చో లా. జోంగ్లా నుంచి చీకట్లోనే బయల్దేరి, బండల మీద చేతులూ మోకాళ్లూ వాడుతూ ఎక్కాం. ఆపైన అసలైన తెల్లటి మంచు నది. బూట్ల కింద ఇనుప ముళ్లు తగిలించుకుని, భాయ్ అడుగులో అడుగు వేస్తూ దాటాను. దిగే వైపు రాళ్లన్నీ వదులు, ఒకటి కదిలితే పది కదులుతాయి. అక్కడ కట్టిన తాడు పట్టుకుని దిగేసరికి చేతి తొడుగు అరిగిపోయింది. ఆ రోజంతా నేను మాట్లాడిన మాటలు ఇరవై కూడా ఉండవు. తమ్ముడు పక్కన లేడు, ఎవరికి చెప్పాలి?

మర్నాడు ఇంకో హిమానీనదం, న్గోజుంపా దాటి గోక్యో చేరాం. నేపాల్‌లో అన్నిటికన్నా పొడవైనది ఇదే. మంచు కరిగి దారి మారుతూ ఉంటుందని, పోయినసారి తను నడిచిన చోట ఇప్పుడు మడుగు ఉందని భాయ్ చూపించాడు. గట్టు ఎక్కగానే ఒక్కసారిగా గోక్యో సరస్సు. ఆ నీలానికి పేరు పెట్టడం నా వల్ల కాదు.

ఆ రోజు అక్టోబర్ 24. నేపాల్‌లో దశైం టీకా రోజు, మన విజయదశమి పండగే. ఆ రోజు పెద్దవాళ్లు చిన్నవాళ్ల నుదుట పెరుగు, కుంకుమ కలిపిన బియ్యం దట్టంగా అద్ది దీవిస్తారు. అందుకోసం దేశమంతా సొంత ఊళ్లకి చేరుతుంది. భాయ్ మధ్యాహ్నం వీడియో కాల్‌లో వాళ్లమ్మతో మాట్లాడాడు. ఫోన్ పెట్టేసి చాలాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి గుప్పెడు బియ్యం అడిగాను. పెరుగు లేదు, పాలపొడి కలిపిన పాలు కొద్దిగా ఇచ్చారు. నా దగ్గర తిరుచానూరు అమ్మవారి కుంకుమ పొట్లం ఉంది. గిన్నెలో కలిపి తెచ్చి, "ఇక్కడ అందరికన్నా పెద్దదాన్ని నేనే. రా తమ్ముడూ" అన్నాను. తెలుగులోనే అన్నాను. అతనికి అర్థమైంది. టోపీ తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చలికి నా వేళ్లు సరిగా వంగలేదు, బియ్యం గింజలు కనుబొమ్మల మీద రాలాయి. తమ్ముణ్ని కిందికి దించిన చేతులు అవి, వాటినే పట్టుకుని దీవించాను. తర్వాత వంటవాడు వచ్చాడు, గిన్నెలు కడిగే కుర్రాళ్లిద్దరు వచ్చారు, పక్క లాడ్జీ పోర్టర్లు నలుగురు వచ్చారు. గిన్నె ఖాళీ అయ్యే దాకా పెట్టాను.

తర్వాతి రోజు గోక్యో రీ ఎక్కాం, 5,357 మీటర్లు. తమ్ముడి కోసం దిగినప్పుడు, గోరక్‌షేప్ పైన ఎవరెస్ట్ కనిపించే కొండ కాలాపత్థర్ ఎక్కడం పోయింది కదా, ఎవరెస్ట్ ఇక్కడ నుంచి కనిపించింది. ఎవరెస్ట్, లోత్సే, మకాలూ, చో ఓయూ, ఒకే చోటి నుంచి 8,000 మీటర్లు దాటినవి నాలుగు. గంటసేపు కూర్చున్నాను. క్లాసులో ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు సరిచేసుకున్నాను: 4,000 మీటర్ల దాకా చెట్లు, ఆపైన పొదలు, 5,000 దాటినా రాతి నీడన అరచేతి మందం దిండులా ఒదిగిన మొక్కలు.

అక్టోబర్ 26న రెంజో లా దాటాం. నా శరీరం అప్పటికి కుదురుకుంది. అంత ఎత్తులోనూ ముప్ఫై అడుగులకి గానీ ఆగలేదు. రాత్రి లుంగ్‌దెన్‌లో పడుకుని, మర్నాడు భోటే కోశీ లోయ వెంట దిగుతుంటే ఒక మలుపులో జూనిపర్ వాసన వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత మొదటి చెట్టు. వెళ్లి దాని బెరడు మీద చెయ్యి పెట్టాను.

థామే 3,820 మీటర్లు. టెన్జింగ్ నార్గే పెరిగిన ఊరు. రాతి గోడల మధ్య బంగాళాదుంప మళ్లు, ఒక బడి, కొండ మీద ఆరామం. ఊరి మొదట్లో గోడ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నడిచొచ్చాడు, తిన్నగా, ఎక్కడా తూలకుండా. నామ్చేలో ఉండమంటే కాన్ఛాని వెంటబెట్టుకుని ఎదురొచ్చాడు మా తమ్ముడు. "డాక్టర్ 4,000 అంది, ఇది 3,820" అన్నాడు. నా సంచి లాక్కున్నాడు.

లాడ్జీ దీదీ ఉడికించిన దుంపలు పళ్లెం నిండా తెచ్చి మధ్యలో పెట్టింది. పక్కన ఉప్పు, మిరపకాయల పచ్చడి. తమ్ముడు ఆవకాయ సీసా తీశాడు. ఆమె ఒక దుంప తొక్క వొలిచి, ఆవకాయ ఎర్రటి గుజ్జులో ముంచి తిని, కళ్లు పెద్దవి చేసి, మళ్లీ ముంచింది. ఆ రోజు సీసా ఖాళీ అయింది. కడిగి దాచుకుంటానంటే ఆమెకే ఇచ్చేశాను.

2024 ఆగస్టు 16న థామే పైన హిమానీ సరస్సు తెగి ఊరి మీద పడింది. బడి, ఆరోగ్య కేంద్రం, కొన్ని ఇళ్లు, లాడ్జీలు కొట్టుకుపోయాయి. భాయ్ వీడియో పంపాడు. గోధుమ రంగు నీళ్లు, బండలు, ఎటు చూసినా బురద. తమ్ముడు కూర్చున్న గోడ ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. దీదీ క్షేమమని రెండు రోజులకి కబురు వచ్చింది. మళ్లు మాత్రం రాళ్ల కింద ఉన్నాయట.

వచ్చే అక్టోబర్‌కి తమ్ముడూ నేనూ టికెట్లు తీసుకున్నాం. ఈసారి కనుమలు ఎక్కడం లేదు, థామే దాకానే. అమ్మ ఆవకాయ పెద్ద సీసాలో పెట్టింది. లుక్లా విమానంలో మనిషికి పదిహేను కిలోలే కాబట్టి, తమ్ముడు ఒక జత బూట్లు తగ్గించుకుంటానన్నాడు.